పాలు కలపని కాఫీ

తెలుగిళ్లలో కాఫీ మంచిచెడ్డలు తేల్చేది పాలు. "ఇవాళ పాలు చిక్కగా ఉన్నాయి, కాఫీ బాగా కుదిరింది" అంటాం. "పాలవాడు నీళ్లు కలిపాడు, కాఫీ కాఫీలా లేదు" అంటాం. డికాషన్ గురించి మాట్లాడినా చిక్కగా దిగిందా, పలచగా దిగిందా అన్నంతవరకే. గింజ ఏ కొండది, ఏ రకం, ఎలా ఆరబెట్టారు, ఎప్పుడు వేయించారు అన్న ప్రశ్న మన వంటింట్లో పుట్టదు. రుచి తెలియని జనమా అంటే అదీ కాదు. కళ్లు మూసి ముక్క నోట్లో పెడితే చాలు, ఇది బంగినపల్లి, ఇది చెరుకు రసం, ఇది సువర్ణరేఖ అని చెప్పేస్తాం. ఫలానా తోట కాయ అని చెప్పగల పెద్దవాళ్లు కూడా ఉంటారు. అంత నేర్పున్న నాలుక కాఫీ దగ్గరికి వచ్చేసరికి 'స్ట్రాంగ్', 'లైట్' అనే రెండు మాటలతో సరిపెట్టుకుంటోంది. మామిడిపండును ఏమీ కలపకుండా తింటాం కాబట్టి దాని గుట్టంతా మనకు తెలుసు. కాఫీని ఒట్టిగా నోట్లో పోసుకున్నవాళ్లు మనలో తక్కువ.

పాలు లేని కాఫీ మన మర్యాదకు పడదు కూడా. ఇంటికి వచ్చినవాళ్లకు చిక్కటి పాలతో కలిపి, నురగ తేలేలా తిరగబోసి, పొగలు కక్కుతుండగా ఇస్తేనే ఇచ్చినట్టు. పాలు విరిగిపోయిన రోజున చుట్టాలొస్తే మా అమ్మ గ్లాసు ఇచ్చి పక్కింటికి పంపేదే గాని, ఒట్టి డికాషన్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టేది కాదు. అది జ్వరం పడ్డవాళ్లకు, పథ్యం చేసేవాళ్లకు, నెలాఖరున పాలు కొనలేని ఇళ్లకు. అలాంటిదాన్ని కోరి తాగడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లకు ముందు కంగారు పుడుతుంది. "ఒంట్లో బాగానే ఉందా?" అన్నది మా అమ్మ మొదటి ప్రశ్న. "పాలు లేకుండా అదేం తాగడమే, గొంతు దిగుతుందా?" అన్నది రెండోది.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మా ఇంట్లో వాడే పొడితో, మేం తీసే చిక్కదనంతో ఒట్టి డికాషన్ నిజంగానే గొంతు దిగదు. ఎందుకు దిగదో ఆరా తీయబోతేనే నాకు కాఫీ సంగతి కొంత తెలిసింది.

మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండొంతులకు పైగా రోబస్టా అనే రకం. రెండో రకమైన అరబికాతో పోలిస్తే దానిలో కెఫీన్ రమారమి రెట్టింపు, చక్కెరలు సగం. ఎన్ని పాలు పోసినా తన జాడ పోనివ్వని బలం దానిది. అందుకే ఫిల్టర్ కాఫీ పొడుల్లో దానికి చోటు దొరికింది. ఆ గింజను నల్లబడేదాకా వేయిస్తారు. ఆపైన చికోరీ కలుపుతారు. చికోరీ కాఫీకి చుట్టం కూడా కాదు, వేరే మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. ఇంగ్లండు సరుకు ఐరోపాలో దిగకుండా నెపోలియన్ అడ్డుకట్ట వేసిన రోజుల్లో కాఫీ గింజకు కరువొచ్చి ఫ్రాన్సులో ఈ వేరు వాడకం ఊపందుకుంది. మన దగ్గర కాఫీ చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చునని నిబంధన. ప్యాకెట్ మీద ఆ అంకె రాసే ఉంటుంది, మనం చూడం.

చికోరీని నేను తక్కువ చేయడం లేదు. అది రంగునిస్తుంది, చిక్కదనాన్నిస్తుంది, బెల్లం కాలిన వాసన లాంటిది ఒకటి తెస్తుంది. మా అమ్మ కాఫీ వాసనలో సగం అదే, ఆ వాసన రాని ఉదయం మా ఇంట్లో ఉదయమే కాదు. కానీ ఆ మిశ్రమం పాలను దృష్టిలో పెట్టుకుని కలిపింది. పాలు తీసేస్తే మిగిలేది మాడు చేదు, వేరు చేదు. పాలల్లో కేసీన్ అనే మాంసకృత్తు ఉంటుంది. కాఫీలో నోరు పట్టేసే వగరు పదార్థాలను అది పట్టి కట్టేస్తుంది. పంచదార చేదు మీద దుప్పటి కప్పుతుంది. అలా ఒక మొండి రుచిని బుజ్జగించే పద్ధతి మన పెద్దవాళ్లు కనిపెట్టారు, దాన్ని ఒక కళగా తీర్చిదిద్దారు. ఆ బుజ్జగింపులో ఒక నష్టం కూడా జరిగింది. మంచి గింజా చెడ్డ గింజా ఒకటైపోయాయి.

ఇక చేదు. కాఫీ చేదంతా కెఫీన్‌దేనని చాలామంది నమ్మకం. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో థామస్ హాఫ్‌మన్ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి 2007లో ఫలితాలు చెప్పింది. కాఫీ చేదులో కెఫీన్ వాటా 15 శాతం దగ్గరే ఆగిపోతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం గింజను వేయించేటప్పుడు పుట్టేది. పచ్చి గింజలో క్లోరోజెనిక్ ఆమ్లాలు ఉంటాయి. సెగ తగిలేకొద్దీ అవి విరిగి లాక్టోన్లు అవుతాయి. ఓ మోస్తరుగా వేయించిన కాఫీలో ఉండే చేదు వీటిది. నాలుకకు తగిలి, కాసేపటికి వదిలేస్తుంది. అక్కడ ఆపకుండా ఇంకా వేయిస్తే ఆ లాక్టోన్లు మళ్లీ మారి ఫినైల్ ఇండేన్లు అవుతాయి. గరుగ్గా, గొంతు పట్టుకుని, ఎన్ని నీళ్లు తాగినా పోని చేదు వీటి పని. అంటే "అబ్బ, చేదు" అని మనం మొహం తిప్పుకునేది చాలామటుకు గింజ వల్ల కాదు, పొయ్యి దగ్గర ఎవరో ఆపాల్సిన చోట ఆపకపోవడం వల్ల.

చేదంటే వెనకాడటం పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. మన నోటిలో తీపిని పట్టే గ్రాహకం ఒక్క రకమే అయితే, చేదును పట్టేవి పాతిక రకాల దాకా ఉన్నాయి. విషం చాలాసార్లు చేదుగా ఉంటుంది మరి. కాఫీ మొక్క కెఫీన్ తయారు చేసుకునేదీ తన ఆకునూ గింజనూ పురుగులు ముట్టకుండా ఉండటానికే. అదే మొక్క తన పువ్వు మకరందంలో మాత్రం కెఫీన్‌ను చాలా కొద్దిగా ఉంచుతుంది. 2013లో 'సైన్స్' పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. ఆ కాస్త కెఫీన్ రుచి చూసిన తేనెటీగలు ఆ పూల వాసనను మిగతా వాటికంటే ఎక్కువ కాలం గుర్తు పెట్టుకుంటాయట. మోతాదు ఎక్కువైతే తరిమేసేదే, తక్కువైతే మళ్లీ రప్పించుకుంటుంది. ఇది చదివిన రోజు నాకు కాఫీ మొక్క మీద గౌరవం పెరిగింది. ఒట్టి కాఫీ నాకు అలవాటైన తీరు కూడా దాదాపు ఇదే.

ఫిల్టర్‌లో దిగే డికాషన్ పాలల్లో కలపడానికి తీసే సారం. దాన్ని అలాగే తాగక్కర్లేదు. పాలు పోసే చోట వేడినీళ్లు పోసుకుంటే చాలు, ఇంట్లో ఉన్న ఇత్తడి ఫిల్టరే ఒట్టి కాఫీకి కూడా పనికొస్తుంది, కొత్త సరంజామా అక్కర్లేదు. మొత్తం మీద పావు లీటరు నీళ్లకు 15 గ్రాముల పొడి. కాఫీ రుచి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు ఎక్కడైనా కాస్త అటూ ఇటూగా ఈ లెక్కే పాటిస్తారు. పొడిలో చికోరీ ఉండకూడదు, గింజ ఓ మోస్తరుగా వేగిన అరబికా అయి ఉండాలి. నీళ్లు తెర్లుతుండగా పోయకుండా, దింపి అర నిమిషం ఆగి పోయాలి. పొడి తాజాదైతే మొదటి నీళ్లు తగలగానే అది మెత్తగా పొంగుతుంది, పైన చిన్న చిన్న బుడగలు లేచి పగులుతాయి. వేయించేటప్పుడు గింజలో చిక్కుకుపోయిన బొగ్గుపులుసు వాయువు అలా బయటికొస్తుంది. అప్పుడు వచ్చే వాసన మళ్లీ రోజంతా రాదు. పొంగని పొడి అంటే పాతబడిన పొడి, దాన్ని పాలల్లో వాడేసుకోవచ్చు.

తర్వాత ఆగాలి. మనకు ఇదే కష్టం. కాఫీ అంటే పెదవి కాలాలి, లేకపోతే "చల్లారిపోయింది, వెచ్చబెట్టుకు రా" అంటాం. ఒట్టి కాఫీని అంత వేడి మీద తాగితే వేడీ చేదూ తప్ప ఏమీ అందవు. కప్పు చుట్టూ అరచేతులు హాయిగా ఆనించగలిగేంత తగ్గాక గుటక వేస్తే పులుపు పైకొస్తుంది. కాఫీలో పులుపు తగిలితే పాలు విరిగాయని అనుమానించే అలవాటు మనది. మంచి అరబికాలో పులుపు ఉండి తీరాలి. అది గింజలోని సిట్రిక్, మాలిక్ ఆమ్లాల పులుపు, నిమ్మలోనూ ఆపిల్‌లోనూ ఉండేవే. చల్లటి ఎత్తుల మీద, నీడలో, నెమ్మదిగా పండిన గింజలో ఆ పులుపు తేటగా ఉంటుంది. కప్పు ఇంకాస్త చల్లారాక, దాని వెనక నుంచి ఒక తీపి వస్తుంది. నేను మొదట నమ్మలేదు. వేయించిన గింజలో చక్కెర మిగలదు, ఉన్నదంతా సెగకు రంగుగా, వాసనగా మారిపోతుంది. మరి తీపి ఎక్కడిది? ముక్కుది. గుటక వేశాక గొంతు వెనక నుంచి పైకెక్కే ఆవిరిలో కాల్చిన చక్కెర వాసనలు, పండు వాసనలు ఉంటాయి. మెదడు వాటిని తీపిగా లెక్కేసుకుంటుంది. వేయించిన కాఫీలో ఎనిమిది వందలకు పైగా వాసన పదార్థాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిలో చాలావాటిని పాలల్లోని కొవ్వు మింగేస్తుంది.

కాఫీని వృత్తిగా రుచి చూసేవాళ్ల బల్ల దగ్గర నిలబడే అవకాశం ఒకసారి దొరికింది. ఒకే కొలత గిన్నెలు వరసగా పెట్టారు. అన్నిటిలో ఒకే తూకం పొడి, ముతకగా దంచింది. ముందు పొడి వాసన చూడమన్నారు. తర్వాత వేడినీళ్లు పోసి నాలుగు నిమిషాలు ఎవరూ ముట్టుకోలేదు. పైన గోధుమరంగు మీగడలా ఒక పొర కట్టింది. ముక్కు గిన్నె అంచుకు ఆనేలా వంగి, చెంచా వెనక్కి తిప్పి ఆ పొరను మెల్లిగా విరిచారు. విరిగిన చోటు నుంచి వాసన గుప్పున కొట్టింది. ఒక గిన్నెలో ఎండిన పండు, పక్కదానిలో తడి మట్టి, ఆ పక్కదానిలో కొత్త గోనెసంచి. అన్నీ కాఫీలే. నురగ తీసేసి, చల్లారనిచ్చి, చెంచాతో జుర్రున పీల్చారు. ఆ చప్పుడుకు ఇంట్లో అయితే పెద్దవాళ్లు కోప్పడతారు, అక్కడ మాత్రం అది పద్ధతి. ద్రవం తుంపరగా నోరంతా పరుచుకుని వాసన ముక్కుకు ఎక్కాలి. మన దేశంలో ఈ విద్యకు ఒక పేరూ గౌరవమూ తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది సునాలినీ మేనన్‌ను. కాఫీ బోర్డులో ఏళ్ల తరబడి రుచి పరీక్షలు చేసి, తర్వాత బెంగళూరులో సొంతంగా ప్రయోగశాల పెట్టారు. రుచి చూడటాన్ని జీవితకాలం పని చేసుకున్న మనిషి మన పక్క రాష్ట్రంలో ఉన్నారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ బల్ల దగ్గర నాకు అర్థమైంది ఏమిటంటే, ఒక్క కప్పు తాగితే "కాఫీలా ఉంది" అంటాం, అంతకంటే మాట రాదు. రెండు కప్పులు పక్కపక్కన పెట్టుకుంటే తేడా తనంతట తానే పలుకుతుంది. ఇంట్లో కూడా అదే చేశాను. ఒకటి చిక్కమగళూరు గింజ, ఒకటి అరకు గింజ. మొదటిది గుండ్రంగా, సాఫీగా, వేయించిన పప్పుల వాసనతో ఉంది. రెండోదానిలో పులుపు ముందుకొచ్చి నిలబడింది. ఏది గొప్ప అన్నది నాకు ముఖ్యం కాలేదు. రెండూ వేరని నా నోటికి తెలిసింది, ఆ సంతోషం చాలు. కొందరు చేదును భరించడం ఒక మొగతనం అన్నట్టు, వ్రతం పట్టినట్టు ఒట్టి కాఫీ తాగుతారు. పళ్లు బిగబట్టి తాగితే ఏ రుచీ రాదు. చేదు అడ్డం తొలగి వెనక ఉన్నవి కనపడటమే ఇందులో ఆనందం.

ఆ వెనక ఉన్నవి చూడాలంటే కొండ ఎక్కాలి. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో అనంతగిరి తగలగానే రోడ్డుకు రెండు పక్కలా కాఫీ తోటలు మొదలవుతాయి. తెలియనివాళ్లకు అది అడవిలాగే ఉంటుంది. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ల నుంచి పైదాకా అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్‌లలో ఒక వాన పడితే కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు విచ్చి మల్లెతోటలా గుబాళిస్తుంది. ఆ పూత కొద్ది రోజులే. పిందె పండవడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరు నుంచి కోత.

నేను వెళ్లినప్పుడు కోత నడుస్తోంది. వాలు మీద ఒకావిడ నడుముకు సంచి కట్టుకుని కోస్తోంది. ఒకే కణుపు దగ్గర ఆకుపచ్చ కాయ, పసుపు తిరిగిన కాయ, ఎర్రగా పండినది మూడూ అంటుకుని ఉన్నాయి. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ ఎర్ర పండు మీదే పడుతున్నాయి. చిన్నగా మెలిపెడితే తొడిమ కొమ్మకే ఉండిపోయి పండు చేతిలోకి వస్తోంది. పక్కనున్న పచ్చికాయ కదలను కూడా కదలడం లేదు. అంత వేగంలో అంత ఏరిక ఎలా సాధ్యమో చూస్తూ నిలబడితే, ఒక పండు నా చేతిలో పెట్టి, "నోట్లో ఎయ్యమ్మా, తియ్యగుంటాది" అంది. తోలు చిట్లగానే జిగురు లాంటి పల్చటి గుజ్జు, లేత తీపి. దాని లోపల రెండు గింజలు, ఒకదాని పొట్ట ఒకదానికి ఆనించుకుని, నాలుక మీద జారిపోతూ. కాఫీ వాసన అన్నది ఎక్కడా లేదు. "పచ్చిది కూడా కలిపి కోసేస్తే?" అని అడిగాను. "మళ్లీ కూకోని ఏరాల. పచ్చిది కలిస్తే సరుకు పాడు" అంది.

ఆ 'పాడు' ఎలా ఉంటుందో పాలల్లో కలిపి తాగేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. పచ్చికాయ గింజ కప్పులో వగరుగా, ఎండుగడ్డి నమిలినట్టుగా దొరికిపోతుంది. కోసిన పండును ఆ రోజే తోలు తీయకపోతే పులిసిన వాసన వస్తుంది. గుజ్జు పోయేదాకా నానబెట్టడం, కడగడం, తేమ 11 శాతం దగ్గరికి వచ్చేదాకా పలచగా పరిచి ఎండలో తిరగేస్తూ ఉండటం, మంచు పడే వేళకు కప్పడం, వీటిలో ఏది అశ్రద్ధ చేసినా దాని గుర్తు గింజలో ఉండిపోతుంది. అయిదారు కిలోల పళ్లకు కిలో పచ్చి గింజ వస్తుంది. నేను ఉదయం వేసుకునే 15 గ్రాముల పొడి వెనక యాభై అరవై పళ్లు ఉంటాయి. ప్రతి పండునూ ఎవరో చూసి, పండిందని తేల్చుకుని, కోశారు. పొలం పనుల్లో పుట్టి పెరిగిన మనకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు. కానీ ఆ శ్రద్ధ కప్పులో రుచిగా తగలడం నాకు కొత్త.

ఈ తోటలు అక్కడికి వచ్చిన కథ కూడా తెలుసుకోదగ్గది. అరకు ఉన్న తూర్పు కనుమల్లోనే 1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఇంగ్లీషువాళ్లు కాఫీ నాటారు. 1960లలో అటవీ శాఖ కాఫీ సాగును పట్టించుకుంది. పోడు కోసం ఏటేటా అడవి నరికే అవసరం తప్పించి, చెట్ల నీడ కిందే ఆదాయం వచ్చే పంట ఇవ్వాలన్నది తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పట్టుకున్న ఆలోచన. ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది, దాదాపు అంతా గిరిజన కుటుంబాల చిన్న చిన్న కమతాల్లో. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొంత కొంటుంది, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో నడిచే రైతుల సహకార సంఘం కొంత కొంటుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2018లో అక్కడే ప్రి ఎపిక్యూర్ పోటీలో దానికి బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ వరుస చూస్తే నాకు గర్వంతో పాటు బాధ కూడా కలుగుతుంది. గింజ రుచి చూసి ఇది ఫలానా కొండది అని మెచ్చుకోవడం పారిస్‌కు చేతనయింది. అరకుకు నాలుగు గంటల దూరంలో ఉన్న విశాఖపట్నంలో, అక్కడి నుంచి ఓ రాత్రి ప్రయాణంలో ఉన్న హైదరాబాదులో మనం ఆ పొడినే కొనుక్కొచ్చి, చిక్కటి పాలు పోసి, "బాగానే ఉంది, కొంచెం స్ట్రాంగ్ తక్కువ" అంటాం. తేడా తెలిసిన కొనుగోలుదారు ఉంటేనే ఎర్ర పండు కోసిన చేతికి పచ్చికాయ దూసిన చేతికంటే ఎక్కువ ధర వస్తుంది. ఆ తేడా తెలియాలంటే కప్పులో గింజ ఒక్కటే ఉండాలి. ఒట్టి కాఫీ మీద నాకింత పట్టుదల అందుకే.

మర్యాద సంగతికి వస్తే, కాఫీ పుట్టిన ఇథియోపియాలో అతిథికి ఇచ్చేది పాలు లేని కాఫీయే. వచ్చినవాళ్ల ఎదుటే పచ్చి గింజలు వేయించి, ఆ పొగను వాళ్ల ముందుకు తెచ్చి వాసన చూపించి, దంచి, జెబెనా అనే మెడ పొడుగు మట్టి కూజాలో కాస్తారు. అదే పొడితో మూడు విడతలు పోస్తారు. అబోల్, తోనా, బరకా అని ఒక్కో విడతకు ఒక్కో పేరు. మూడోది ఆశీర్వాదం కింద లెక్క, అది తాగకుండా లేవడం బాగుండదు. పాలు లేవని అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఈ ముచ్చట మా అమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, "ఎదుటే వేయించి ఇస్తారా! అయితే అది మర్యాదే" అంది. ఆ సాయంత్రం నా కప్పులోంచి ఓ గుక్క పోయమంది. నేను పూర్తిగా చల్లారనిచ్చి ఇచ్చాను. నోట్లో కాసేపు ఉంచుకుని, "చేదేం లేదే. పుల్లగా ఉంది. నిమ్మచెక్క పిండావా ఏమిటే?" అంది. పిండలేదని చెప్పినా నమ్మక కప్పులోకి తొంగి చూసింది. డెబ్భై దాటిన మనిషి, ఏనాడూ కాఫీలో పులుపు వెతకనావిడ, ఒక్క గుక్కకే పట్టుకుంది. నాలుక మనకు సిద్ధంగానే ఉంది, ఇన్నాళ్లూ దానికి పని చెప్పలేదంతే. పొద్దున్నే ఆవిడకు చికోరీ డికాషన్, చిక్కటి పాలు ఉండాల్సిందే, అందులో మార్పేం లేదు. మార్పు రావాలని నేనూ కోరుకోను.

ఒట్టి కాఫీ అందరికీ పడుతుందని చెప్పను. పరగడుపున కొందరికి కడుపులో మంట పుడుతుంది, సాయంత్రం ఆరు దాటాక తాగితే నాకే నిద్ర పట్టదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంటకు, చిన్న కప్పుతో, మంచిది.

మీరు పాల కాఫీ మానక్కర్లేదు. పాల కాఫీకి మీ మామూలు పొడి వాడుకుంటూనే, విడిగా ఒక్క పావుకిలో అరకు కాఫీ కొనండి. కొనేముందు ప్యాకెట్ తిప్పి మూడు సంగతులు చూడండి: చికోరీ లేదని రాసి ఉందా, ఎప్పుడు వేయించారు, తోట ఎక్కడిది. వేయించి నెల దాటినవి వద్దనండి. తోట పేరో ఊరి పేరో చెప్పమని దుకాణదారును అడగండి. మొదట్లో ఆయనకు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే ఆయన తన సరుకు పంపేవాళ్లను అడుగుతాడు, వాళ్లు కొండ మీద అడుగుతారు. తర్వాత ఇంట్లో ఒక మధ్యాహ్నం పాల గిన్నె పక్కన పెట్టి, కాఫీ కలుపుకుని, చల్లారేదాకా ఆగి తాగండి.